వీల్‌చైర్‌లో మా కొట్టుకు వచ్చేవాళ్లకు

గాంధీ రోడ్డులోని మా బట్టల కొట్టుకు వచ్చేవాళ్లలో, బర్డ్ ఆసుపత్రిలో కాళ్లు చూపించుకోడానికి తిరుపతి వచ్చి పనిలో పనిగా బట్టలు కొనుక్కునే కుటుంబాలు కూడా ఉంటాయి. వీల్‌చైర్ లోపలికి వస్తుందా అని ఫోన్ చేసి అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్తున్నా.

వస్తుంది. కానీ ఉన్నది ఉన్నట్టు వినండి. గుమ్మం ముందు మెట్టు ఏడంగుళాలు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు అన్నది ర్యాంపు లెక్క. అంటే ఏడడుగులు కావాలి. నాకున్న జాగా కాలువ దాకానే, ఆ తర్వాత అంతా బైకులే. అందుకని ఐదడుగుల మడత ర్యాంపు ఇనుముతో చేయించాం. ఏటవాలు ఎక్కువే, మీ అంతట మీరు చక్రం తిప్పుకుంటూ ఎక్కడం కష్టం. మావాళ్లు వెనక నుంచి పట్టుకుంటారు. దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దించుతారు, కంగారు పడకండి, ముందుకు జారిపోకుండా అదే పద్ధతి.

చీరలు మేడ మీద. ఈ పాత బిల్డింగ్‌లో లిఫ్ట్ పెట్టే వీల్లేదు. రంగు, ధర చెప్తే చీరలే కిందికొస్తాయి. ఎన్ని దింపించినా మావాళ్లు మొహం చిట్లించరు. చిట్లిస్తే నాకు చెప్పండి.

మా సేల్స్ వాళ్లకు నేను గట్టిగా చెప్పింది ఒకటే: అడక్కుండా మనిషి మీద గానీ, కుర్చీ మీద గానీ చెయ్యి వెయ్యొద్దు. ఇంకో పాడు అలవాటు మన కొట్లన్నిటిలో ఉంది. కుర్చీలో అక్క కూర్చుని ఉంటే, వెనక నిలబడ్డ తమ్ముణ్ణి "ఆమెకు ఏ రంగు కావాలంట?" అని అడుగుతారు. కట్టుకునేది ఆమె, డబ్బులు ఆమెవి, మధ్యలో తమ్ముడెందుకు?

చూపు లేనివాళ్లకు "బాగుంటుంది సార్" అంటే ఏం తెలుస్తుంది? బాడీ ముదురాకుపచ్చ, అంచు రెండంగుళాల జరీ, కొంగులో మామిడి పిందెలు అని చెప్పి గుడ్డ చేతికివ్వాలి. నేత సంగతి వేళ్లకే తెలుస్తుంది. వెంకటగిరి చీరను తడిమి, మా కుర్రాడికే పాఠం చెప్పిన పెద్దాయన ఉన్నారు. చిల్లర ఇచ్చేటప్పుడు ఒక్కో నోటూ ఎంతదో చెప్పి చేతిలో పెడతాం. వంద మీద త్రికోణం, ఐదొందల మీద గుండ్రటి గుర్తు ఉబ్బెత్తుగా ఉంటాయి గానీ, నలిగిన నోటు మీద అవి వేలికి తగలవు. నోటు ఎంతదో కెమెరాతో చూసి చెప్పే మణి యాప్, రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చింది, ఫోన్లో ఉంటే అక్కడే సరిచూసుకోండి. వెనక క్యూ ఉంటే ఉండనీండి.

వినపడనివాళ్లతో మాట్లాడాలంటే మాకు సైగల భాష రాదు. కౌంటర్ దగ్గర ఫోన్లో టైప్ చేసి చూపిస్తాం. తెలుగు, తమిళం రెండూ వచ్చినవాళ్లు ఉన్నారు.

ట్రయల్ రూమ్‌లో మాత్రం వీల్‌చైర్ పట్టదు. ఇంటికో లాడ్జికో తీసుకెళ్లి వేసుకుని చూడండి, సరిపోకపోతే బిల్లుతో తెస్తే మార్చిస్తాం. పండగ సాయంత్రాలు మాత్రం వద్దు, లోపల కాలు పెట్టే సందుండదు. మామూలు రోజు పొద్దున వస్తూ ఒక ఫోన్ కొడితే, మీరొచ్చేలోపు బైకులు తీయించి ర్యాంపు పరిచి పెడతాం.