జడ్జిగారి తీర్పు మీద అప్పీలు

ఒరేయ్ శీనూ,

జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు తిట్టుకో, చదవడం మాత్రం ఆపకు. ఇక్కడ అంతా క్షేమం. చెల్లి పెళ్లి ముహూర్తం ఇంకా తేలలేదు. మిగతావి తర్వాత.

"సముద్రం పెరిగి దీవి మునిగిన రోజున పడవెక్కుతారు, ఇప్పట్నుంచే గొడవెందుకు" అని తీర్పిచ్చావుగా జడ్జిగారూ, ఇదిగో అప్పీలు. పసిఫిక్ సముద్రంలోని కిరిబాటి, తువాలు లాంటి పగడపు దీవుల్లో నేల మునగడానికి చాలా ముందే తాగునీళ్లు పోతాయిరా!

అక్కడ నదుల్లేవు. వాన ఇసుకలోకి దిగి, అడుగునున్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. లీటరు మంచినీళ్లు కిలో తూగితే సముద్రపు నీళ్లు 1.025 కిలోలు. ఆ కాస్త తేడాతోనే, భూగర్భ నీటిమట్టం సముద్రం కన్నా జానెడు ఎత్తుంటే కింద 40 జానల మంచినీళ్లున్నట్టు లెక్క. లెక్కే సుమా! రెండు నీళ్లూ కలిసిపోయిన పొర కొంత తినేస్తుంది. పది ఇరవై మీటర్ల లోతులో బొరియలు పడ్డ పాత సున్నపురాయి తగిలిందా, ఆ బొరియల్లోంచి ఉప్పునీళ్లు కలిసిపోయి మంచినీళ్లు అక్కడితో సరి.

అదే లెక్క తిరగేసి చూడు. బోరుకి పెద్ద మోటారు పెట్టి మట్టం 10 సెంటీమీటర్లు దించితే, కింది ఉప్పు 4 మీటర్లు ఎగబాకాలని చూస్తుంది. వంద లీటర్లలో లీటరున్నర సముద్రపు నీళ్లు కలిస్తే చాలు, ఉప్పులో ఉండే క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటి నాలుక్కి తెలిసిపోతుంది.

అందుకే కిరిబాటి దక్షిణ తరావాలో, బోన్రికీ దగ్గర, గొట్టాలు అడ్డంగా వేశారు. నీటిమట్టానికి కాస్త కిందిదాకా కందకం తవ్వి, చీలికలున్న పీవీసీ గొట్టం పరిచి, చుట్టూ గులకరాళ్లు పోసి పూడ్చడం. నడుమ బావిలో చిన్న పంపు, పాల మీద మీగడ తీసినట్టు నెమ్మదిగా తోడుతుంది. గొట్టం లోతుగా పడినా, కరువులో "ఇంకాస్త" అంటూ పంపు జోరు పెంచినా మొత్తం చెడుతుంది. పక్కనే మరుగుదొడ్డి గుంత ఉందా, ఉప్పు కన్నా ముందు విరేచనాలొస్తాయి.

ఉప్పు పైనుంచీ దిగుతుంది. 2005లో పెర్సీ తుపాను కుక్ దీవుల్లోని పుకాపుకా మీదికి అలల్ని ఎక్కించింది. ఆ ఉప్పు వానలకు కడుక్కుపోవడానికి దాదాపు ఏడాది పట్టింది. ఇలాంటప్పుడు బావుల్ని తోడి తోడి శుభ్రం చేద్దామనుకుంటారు చూడు, అదే ముప్పు, కింది ఉప్పు కూడా లేస్తుంది. గుంటల్లో నిలిచిన సముద్రపు నీళ్లు ఎత్తిపోసి, మిగతాది వానకే వదిలేయాలి. గోడ కట్టుకోవచ్చుగా అంటావు, నాకు తెలుసు. గోడ అలని ఆపుతుంది, పగడపు నేలలో ఊటని ఆపలేదు.

మరి అంతకాలం ఏం తాగాలి? 50 చదరపు మీటర్ల కప్పు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 50 లీటర్లు, పోయింది పోగా 40 అనుకో. ఐదుగురికి తలా 20 లీటర్లు, 60 రోజులు వాన లేకపోతే 6,000 లీటర్ల ట్యాంకు కావాలి. అదీ చాలని రోజులుంటాయి. 2011లో వానల్లేక తువాలు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసే యంత్రం ఉందిగా అంటే, మాల్దీవుల రాజధాని మాలే నగరం అంతా దాని మీదే బతికేది. 2014 డిసెంబరులో ఆ ప్లాంటులో మంటలు లేస్తే మన దేశం విమానాల్లో నీళ్లు పంపింది! ఒక్క యంత్రాన్నే నమ్ముకోకూడదు, విడిభాగాలు దగ్గరే ఉండాలి, ఇంకా

టపా కట్టేసే వేళైంది. కప్పు మీది తొలి మురికి నీళ్లు ట్యాంకులోకి పోకుండా మళ్లించే గొట్టం బొమ్మ గీసి పంపుతాను. వాదనలుంటే రాయి, జడ్జిగారూ.

నీ
గోపి