అన్నయ్య వేళ్లు చూసినవాళ్లకి

అన్నయ్య ఊపిరితిత్తి గడ్డకి ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాడు, బాగున్నాడు. ఫోన్ చేసిన అందరికీ విడివిడిగా చెప్పడం కుదరలేదు, అందుకే విషయమూ కృతజ్ఞతలూ రెండూ ఇక్కడే.

అందరికంటే ముందు ఆ ఫిజియోథెరపిస్ట్ గారికి. చీలమండలు, మణికట్లు, మోకాళ్లు వాచిపోయి అన్నయ్య నెలల తరబడి తిరిగాడు. కీళ్లవాతానికి చేసే రక్తపరీక్షలు రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రెండూ నెగెటివ్, అయినా కీళ్లవాతం కొందరిలో అలా కూడా ఉంటుంది అన్నారు డాక్టర్లు (అది అబద్ధమేం కాదు, అందుకే ఎవరి మీదా కోపం లేదు). ఈవిడ మాత్రం వ్యాయామాలు మొదలుపెట్టే ముందు కాళ్లూ చేతులూ తడిమి చూసి, నొప్పి కీలు దగ్గరే కాదు, ముంజేతి ఎముక పొడవునా, మోకాలి కింద ముందువైపు ఎముక మీద నొక్కినా ఉందని పట్టుకున్నారు. తర్వాత రెండు చూపుడు వేళ్ల గోళ్లు ఎదురెదురుగా ఆనించమన్నారు. మామూలుగా గోళ్ల మొదళ్ల దగ్గర డైమండ్ ఆకారంలో చిన్న సందు కనపడాలి, అన్నయ్యకి ఆ సందే లేదు, వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగి ఉన్నాయి. షామ్రోత్ అనే దక్షిణాఫ్రికా గుండె డాక్టర్ తనకి గుండెలో ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు తన వేళ్లలోనే ఇది గమనించి 1976లో రాశారట. పైసా ఖర్చు లేని పరీక్ష! ఛాతీ ఎక్స్‌రే తీయించుకొచ్చేదాకా నేను చెయ్యి వెయ్యను అని ఆవిడ మొండికేశారు. ఆ మొండితనానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది. సీటీ స్కాన్, బయాప్సీ, ఆ టెన్షన్ అంతా మీకు తెలుసు, మళ్లీ రాయను.

కీళ్ల డాక్టర్ గారికి ఇంకో థాంక్స్, మాకు అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పినందుకు. దీన్ని హైపర్‌ట్రోఫిక్ ఆస్టియోఆర్థ్రోపతీ అంటారట. జబ్బు ఊపిరితిత్తిలో, నొప్పి కాళ్లలో. గడ్డ ప్రభావంతో రక్తంలో పెరిగే కొన్ని పదార్థాల వల్ల పొడవాటి ఎముకల పైపొర కొత్త ఎముకని పేర్చుకుంటూ పోతుంది, ఎక్స్‌రేలో అసలు ఎముక పక్కన సన్నటి ఇంకో గీతలా కనపడుతుంది, ఆయన పెన్నుతో గీసి మరీ చూపించారు. కాళ్లు వేలాడేస్తే నొప్పి ఎక్కువ, దిండ్ల మీద ఎత్తి పెడితే తగ్గుతోంది అని వదిన చెప్పగానే తల ఊపారు, ఇందులో చాలామందికి అలాగే ఉంటుందట. 1890 ప్రాంతంలోనే బాంబెర్గర్, పియరీ మారీ అనే ఇద్దరు డాక్టర్లు విడివిడిగా దీన్ని వర్ణించారంటే, అంత పాత జబ్బు ఇన్ని నెలలు దొరక్కపోవడం ఏంటా అనిపించింది, సరే.

ఇది చదివి గోళ్లు చూసుకుని కంగారుపడకండి. కొందరికి వేళ్లు అలా వంశంలోనే ఉంటాయి, ఏ జబ్బూ ఉండదు. గుండె, కాలేయం, పేగు జబ్బుల్లోనూ రావచ్చు. కానీ గోళ్లు కొత్తగా అలా మారి, దానికి తోడు ఎముకల నొప్పులు కూడా మొదలైతే, కీళ్ల మాత్రలతో సరిపెట్టుకోకుండా ఛాతీ కూడా చూడమని అడగండి.

సర్జన్ గారూ, మీకు మాటల్లో చెప్పలేను. గడ్డ తీశాక, కోత నొప్పి ఇంకా ఉండగానే, కాళ్ల నొప్పి తగ్గిపోయిందని అన్నయ్యే ముందు నమ్మలేదు. మూలం తీసేస్తే అంత తొందరగా తగ్గడం ఇందులో మామూలేనని మీరు నవ్వారు. వేళ్లు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి, వాటికి టైమ్ పడుతుందన్నారు కదా, చూద్దాం. చెకప్‌లు కొనసాగుతాయి.

వార్డు నర్సులకి, రాత్రులు వదినని పడుకోమని పంపేసి తాము కూర్చున్న స్నేహితులకి, అడక్కుండానే వచ్చి రక్తం ఇచ్చిన ఆఫీసు కుర్రాళ్లకి కూడా థాంక్స్. కుర్రాళ్లలో కొందరి నంబర్లు మా దగ్గర లేవు. ఇది చూస్తే వదినకి ఒక మెసేజ్ పెట్టండి బాబూ, తను మీతో మాట్లాడాలని రోజూ అడుగుతోంది.