పసుపు ధర మింగేసిన మనవరాలు

ష్రూస్‌బరీ, బ్రిటన్,
నవంబరు 16, ఆదివారం.

తాతయ్యకి నమస్కారాలు.

నీ పద్ధతిలో 'ఉభయకుశలోపరి' అని మొదలుపెడదామనుకున్నాను గానీ బుజ్జికి ఆ మాట నోరు తిరుగుతుందో లేదోనని అనుమానం. తిరిగిందా బుజ్జీ? ఇంకోసారి చదువు. తాతయ్య నవ్వాక ముందుకెళ్లు.

రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాంగా, మళ్లీ ఉత్తరమేంటి అంటావు. ఫోనెత్తిన రెండు నిమిషాలకే "సరేలే అమ్మా, బిల్లవుద్ది" అని పెట్టేసేది నువ్వే. వాట్సాప్‌కి బిల్లు లేదని వందసార్లు చెప్పాను. అదీగాక ఇందులో ఒక ముక్క ఉంది, అది నా నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. బుజ్జి చదువుతుంది, నువ్వు విను.

మార్చి నుంచి నేనిక్కడ కళ్లు కనపడనివాళ్ల కోసం పేపరు చదివి రికార్డు చేసే జట్టులో ఉన్నాను. జీతం లేదు, టీ బిస్కెట్లు ఉన్నాయి. లైబ్రరీ గోడ మీద కాగితం చూసి వెళ్లాను. నాలుగు జట్లు, గురువారం రాత్రి ఒక్కో వారం ఒక్కో జట్టు, అంటే నా వంతు నెలకోసారి. ఆసుపత్రి ఫార్మసీలో డ్యూటీ దిగి నేరుగా అక్కడికే పోతాను.

దీన్ని వీళ్లు టాకింగ్ న్యూస్‌పేపర్ అంటారు. ఈ దేశంలో మొదటిది 1970లో అబెరిస్ట్‌విత్ అనే ఊళ్లో పుట్టింది. మా ఊళ్లో రైలెక్కితే రెండు గంటలు, ఆ పట్టాలు అక్కడితో ఆఖరు, ఇక సముద్రమే. లైబ్రరీ కాలేజీలో పాఠాలు చెప్పే రొనాల్డ్ స్టర్ట్ అనే ఆయన మొదలుపెట్టాడు. చూపు లేనివాళ్లకి పుస్తకాలు చదివి రికార్డు చేయడం అప్పటికే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్లు పోయిన సిపాయిలను దృష్టిలో పెట్టుకుని వెతుకులాడితే, 1935కి గ్రామఫోను రికార్డుల మీద నవలలు వచ్చాయి. ఆ తర్వాత ముప్ఫై అయిదేళ్లకు గానీ ఊరి పేపరు సంగతి ఎవరికీ తట్టలేదు చూడు. పెద్ద వార్తలకు రేడియో ఉందిగా అనుకుని ఉంటారు. పెద్ద వార్త ఎలాగోలా చెవిన పడుతుంది తాతయ్యా. ఎవరు పోయారు, ఏ రోడ్డు తవ్వారు, సంతకి స్థలం మారిందా, అవే అందవు.

పని ఎలా జరుగుతుందో చెప్తాను. ఒకావిడ పొద్దున్నే పేపరు ముందేసుకుని కావలసినవి కత్తిరించి తెల్లకాగితాల మీద అతికించి ఉంచుతుంది. బల్ల మీద మందపాటి పచ్చ గుడ్డ పరుస్తారు, కాగితం చప్పుడు మైకులో పడకుండా. చదవడం అయ్యాక కాగితాన్ని తిప్పకూడదు, మెల్లిగా పక్కకి జరపాలి. మైకు నోటికి జానెడు దూరం. నలుగురం వరసగా చదువుతాం. గాజు తలుపు అవతల ఇంజినీరు కూర్చుంటాడు. ఇంజినీరంటే రిటైరైన స్కూలు మాస్టారు, ఎనభై దగ్గర పడ్డాయి. ఆయన వేలెత్తితే మొదలుపెట్టాలి, అరచెయ్యి చూపిస్తే ఆపాలి. ఆయన కళ్లజోడు మీంచి చూశాడంటే ఏదో తప్పు చదివామని.

తప్పులా, బోలెడు. మనం రాసినట్టే చదువుతాం, చదివినట్టే రాస్తాం. వీళ్లకి రాతకీ పలుకుకీ చుట్టరికం లేదు. లియోమిన్‌స్టర్ అని రాసుకుని లెమ్‌స్టర్ అంటారు. మా దగ్గర కొండల్లో ఒక పల్లె ఉంది. అక్షరాలు కూడబలుక్కుంటే రాట్లింగ్‌హోప్, ఊళ్లోవాళ్లకి మాత్రం అది రాచప్. మొదటి నెల నేను ఉన్న అక్షరాలన్నీ పలికాను. సోమవారం ఒక ముసలాయన ఫోన్ చేసి "నలభై ఏళ్లు ఆ ఊళ్లో గొర్రెలు కాశాను, ఈ అమ్మాయి చెప్పిన ఊరు ఎక్కడుందో నాకు తెలియదు" అన్నాడట. సరిహద్దు దాటితే వేల్స్, అక్కడి ఊళ్లపేర్లకి మొదట రెండేసి ఎల్‌లు. నాలిక కొనని 'ల'కి పెట్టినట్టే పెట్టి, గొంతు పలక్కుండా పక్కల్నుంచి గాలి ఊదాలి. బుజ్జీ, నువ్వూ ఊది చూడు, తాతయ్య మొహం మీద తుంపర పడకుండా. అసలు మా ఊరిని ష్రూస్‌బరీ అనాలా ష్రోస్‌బరీ అనాలా అని వీళ్లలో వీళ్లకే తగువు. నేను ఒక నెల అలా, ఒక నెల ఇలా అంటాను. రెండు పక్షాలూ నన్ను తమ మనిషే అనుకుంటున్నాయి.

నా యాసకి వంక పెడతారేమోనని భయపడ్డాను. వి, డబ్ల్యూ నాకిప్పటికీ ఒకటే. కానీ ఒక పెద్దావిడ కబురు పెట్టింది: "కొత్తమ్మాయి ర అన్నచోటల్లా ర వినపడుతోంది, నాకు చెవులు కూడా అంతంతమాత్రమే, ఆ అమ్మాయిది ఒక్క ముక్క పోవడం లేదు" అని. చిన్నప్పుడు ర కీ ఱ కీ తేడా రాలేదని నువ్వు మొట్టిన మొట్టికాయలు షెవర్న్ నది, కాదు, సెవెర్న్ నది ఒడ్డున పనికొచ్చాయి. బుజ్జీ, ఆ కొట్టేసింది కూడా చదివావు కదూ? మంచిదే.

ఆ నది మన కృష్ణ అంత పెద్దదేం కాదు గానీ ఊరి చుట్టూ మెలిక తిరిగి ఉంటుంది, గట్టివాన పడితే కార్లు ఆపుకునే చోట్లు మునుగుతాయి. వరదొచ్చిన వారం ఏ దారి మూశారో రెండేసిసార్లు చదువుతాం. ఫోన్ నంబర్లూ అంతే, ఒక్కో అంకె విడివిడిగా, రెండుసార్లు. ఫోటో ఉంటే అందులో ఏముందో మన మాటల్లో చెప్పాలి. మన మాటలకి చోటు అక్కడొక్కటే. మిగతాచోట్ల ఉన్నది ఉన్నట్టు. నచ్చలేదని వదిలెయ్యకూడదు, బాగుంటుందని కలపకూడదు. మొదటిరోజే మా జట్టు పెద్దావిడ ఆ మాట అంది. నాకు చెమటలు పట్టాయి.

ఎందుకో ఇప్పుడు చెప్తాను. బుజ్జీ, గుక్క తిప్పుకో. ఇక్కడ నువ్వు కూడా ఏదీ మింగకు.

తాతయ్యా, నీకు శుక్లాల ఆపరేషన్ అయిన వేసవి గుర్తుందా? నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వసారాలో పడక్కుర్చీలో ఉండేవాడివి. నాకు తొమ్మిదేళ్లు. పొద్దున్నే జిల్లా పేజీ చదివి వినిపించడం నా పని. సగంలో ఉండగానే పిల్లలు కాలవగట్టు దగ్గర్నుంచి కేకేసేవాళ్లు. శ్రద్ధాంజలి ప్రకటనలు మింగేసేదాన్ని. కాలవకి నీళ్లు వదిలే తేదీలు మింగేసేదాన్ని. "మధ్యలో ఏదో మింగావే" అని నువ్వు పట్టుకునేవాడివి. ఒకరోజు దుగ్గిరాల యార్డులో పసుపు ధర అడిగావు. కొమ్ములకెంత, కాయలకెంత అని. అప్పటికే పేపరు మడిచేశాను. మళ్లీ విప్పితే వెతకాలి. నోటికొచ్చిన అంకె చెప్పి పరిగెత్తాను.

నువ్వది పక్కింటి పెదనాన్నతో అన్నావు. ఆయన మర్నాడు బస్తాలు బండికెత్తించి దుగ్గిరాల తీసుకెళ్లాడు. సాయంత్రం బస్తాలతోనే తిరిగొచ్చి మన అరుగు మీద కూర్చుని పేపరువాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. నువ్వు కూడా "అచ్చుతప్పులు ఎక్కువైపోయాయిరా" అన్నావు. నేను తలుపు వెనకాల ఉన్నాను. అచ్చుతప్పేం కాదు తాతయ్యా. ఆ ధర నేను పుట్టించింది.

ఆయన ఇప్పుడు లేడు. బండి బాడుగ ఎంతయిందో ఇప్పటికీ తెలియదు నాకు.

ఇక్కడ మేం మొదట చదివేది చావు కబుర్లే. పేరు, వయసు, అంత్యక్రియలు ఎక్కడ, ఎన్నింటికి. వినేవాళ్లలో చాలామంది ఎనభై దాటినవాళ్లు, స్నేహితుడు పోయిన సంగతి వారం తర్వాత తెలిస్తే ఏం చేసుకుంటారు? నువ్వు శ్రద్ధాంజలి ప్రకటనలు ఎందుకు అడిగేవాడివో ఆ బల్ల ముందు కూర్చున్నాక గానీ నాకు బుర్రకెక్కలేదు.

రికార్డింగు అయ్యాక దాన్ని ఒక పెట్టెలాంటి మిషన్లో పెట్టి పెన్‌డ్రైవుల్లోకి ఎక్కిస్తారు. ఇదివరకు తొంభై నిమిషాల క్యాసెట్లు, టేపు నలిగితే పెన్సిలు పెట్టి తిప్పడమేనట. ఒక్కో పెన్‌డ్రైవు ఒక్కో పసుపుపచ్చ సంచీలో పెడతాం, అరచెయ్యంత ఉంటుంది. సంచీ మీద చిన్న కిటికీ, అందులో చిరునామా అట్టముక్క. ఒకవైపు వినేవాళ్ల చిరునామా, రెండోవైపు మాది. విన్నాక అట్ట తిప్పి పెట్టి పోస్టుడబ్బాలో పడేస్తే తిరిగొస్తుంది. స్టాంపు అక్కర్లేదు. చూపు లేనివాళ్ల కోసం పంపే వాటికి 1906లోనే ఇక్కడ తపాలా రాయితీ పెట్టారు, ఇప్పుడు పూర్తిగా ఉచితం. మన పోస్టాఫీసులో కూడా బ్రెయిలీ పుస్తకాలకి స్టాంపు అడగరు, నీకు తెలుసా?

తిరిగొచ్చిన సంచీలు అట్టపెట్టెలో వరసగా నిలబెట్టి పేర్లు టిక్కు పెట్టుకుంటాం. ఒక సంచీ రెండు వారాలు రాకపోతే మా పెద్దావిడ ఫోన్ తీసుకుని పక్కగదిలోకి వెళుతుంది. చాలాసార్లు ఏం లేదు, సోఫా సందులో పడిపోయి ఉంటుంది. పోయిన నెల మాత్రం ఆవిడ బయటికొచ్చి కుర్చీలో కూర్చుని, పెట్టెలోంచి ఒక అట్టముక్క తీసి చేతిసంచీలో వేసుకుంది. ఎవరిదని నేను అడగలేదు. తర్వాతి గురువారం ఆ పేరు చావు కబుర్లలో ఉంది. మా ఇంజినీరే చదివాడట. రాచప్‌లో గొర్రెలు కాసినాయనది.

ఇక నీ సంగతి. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగిరాదని నీకు డాక్టరు చెప్పాడు, నేనూ చెప్పాను, నువ్వు వినలేదు. ఉన్న ఆ కాస్త నిలబడాలంటే రాత్రి చుక్కలు మానకూడదు. మందుల కొట్లో మనిషిగా చెప్తున్నాను, మనవరాలిగా కాదు. అమ్మమ్మ చెప్పింది, పేపరు ఇంకా తెప్పిస్తున్నావట, పొద్దున్నే ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నావట. టీవీ పెట్టినా ఆపెయ్యమంటున్నావట. టీవీలో తెనాలి కాలవ కబుర్లు రావు కదా.

బుజ్జీ, ఇక్కడినుంచి నీకు. నువ్వు స్కూలుకెళ్లే లోపు పది నిమిషాలు చాలు. మావయ్య ఫోన్లో రికార్డు చెయ్యి. తాతయ్య ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వింటాడు, ఎదురింటి మాస్టారికి కూడా పంపొచ్చు, ఆయనకీ కళ్లు ఆనడం లేదన్నారుగా. బల్ల మీద దుప్పటి పరుచుకో. ఫ్యాను ఆపు. మొదట తేదీ, వారం చెప్పు. తర్వాత రేడియోలో లాగ 'చదువుతున్నది' అని నీ పేరు చెప్పు, సిగ్గుపడకు. ముందు శ్రద్ధాంజలి ప్రకటనలు, ఇంటిపేర్లతో సహా. తర్వాత కాలవ నీళ్లు. పిల్లలు కేకేస్తే వెయ్యనీ.

దుగ్గిరాల పసుపు ధర ఉన్నరోజు కొమ్ములకెంతో కాయలకెంతో విడివిడిగా, మెల్లిగా, రెండుసార్లు చదువు.

నీ మనవరాలు