మూడో సిలిండరు ప్లగ్గు పంపుతున్నాను

నార్విచ్, ఇంగ్లండ్,
జూన్ 8.

పూజ్యులైన మామయ్య గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేము ముగ్గురమూ క్షేమంగా ఉన్నాము. మీరూ అత్తయ్యా కులాసాగా ఉన్నారనీ, మీ మోకాళ్ళ నొప్పి కొంత సర్దుకున్నదనీ తలుస్తాను. నేటితో రోహిణి పోయి మృగశిర వచ్చింది కదా, కావలిలో ఎండ కాస్తయినా దిగిందో లేదో రాయగలరు. ఈ సంగతులన్నీ ఫోనులోనే చెప్పవచ్చు గానీ, నలభై ఏళ్ళు లారీ ఇంజన్ల పక్కన నిలబడిన మీ చెవులకు ఫోను మాట సగమే చేరుతుంది. పైగా నేను చెప్పబోయేది సగం వింటే మీరు మిగతా సగం ఊహించుకుని నన్ను తిట్టే విషయం. అందుకే తీరికగా రాస్తున్నాను.

నేను కొన్న 1992 నాటి మాజ్డా కారు ఫోటో చూసి, "రెండు సీట్లు, గుడ్డ టాపు, ఇది కారా, పిల్లల తొట్టి బండా?" అని మీరు నవ్విన మాట నాకు గుర్తున్నది. దాని ఇంజనునే ఈ చలికాలమంతా ఇంటి గ్యారేజీలో విప్పి మళ్ళీ కట్టాను. 1597 సీసీ, నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, హెడ్డు మీద రెండు క్యాం షాఫ్టులు. మీ పాత అంబాసిడరు 1489 సీసీతో సుమారు 50 హార్స్‌పవర్ ఇస్తే, ఇది అంతకు కొంచెం పెద్ద కడుపుతోనే 115 దాకా ఇస్తుంది. చిన్నప్పుడు ఎక్కాలతో పాటు మీరు నాచేత వల్లె వేయించిన లేలండు లారీ ఫైరింగు ఆర్డరు, అంటే సిలిండర్లు ఒకదాని తరువాత ఒకటి మండే వరుస, 1-5-3-6-2-4 ఇక్కడ పనికి రాలేదు గానీ, అంబాసిడరు 1-3-4-2 మాత్రం దీనికీ అదే.

కిందటి సెప్టెంబరు నుంచి కారు ఆయిలు తాగడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు అద్దంలో చూస్తే వెనక నీలం పొగ కనబడేది. దిగేటప్పుడు కాదు, ఎక్కేటప్పుడే. అంటే వాల్వు సీళ్ళ మీద కన్నా రింగుల మీదే అనుమానం పెట్టుకోవాలి. ప్లగ్గులు తీసి కంప్రెషను గేజు పెట్టి చూశాను. మూడు సిలిండర్లు 170 పౌండ్లకు పైన నిలబడ్డాయి, మూడోది మాత్రం 110 దగ్గర ఆగింది. దానిలో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూస్తే 150కి లేచింది. వాల్వు కారుతుంటే ఆయిలు పోసినా లేవదనీ, రింగు పోతేనే లేస్తుందనీ మీరు చెప్పిన పరీక్షే ఇది. ఇక్కడి మెకానిక్కు ఇంజను దించి బోరు చేసి, అంటే సిలిండరు లోపలి గోడను కోసి పెద్దది చేసి, కట్టడానికి అడిగిన మొత్తం నేను కారు కొన్న ధర కన్నా ఎక్కువ. అమ్మేయమన్నాడు. నాకు మనసొప్పలేదు.

ఇంజను దించడం గురించి ఎక్కువ రాయను. మన షెడ్డు ముందరి వేపచెట్టు కింద ఇనుప ముక్కాలికీ, చైను పుల్లీకీ బదులు ఇక్కడ చక్రాల క్రేను అద్దెకు దొరుకుతుంది, గేరుబాక్సుతో సహా ఒక్కసారిగా పైకి వచ్చేసింది. మీరు వేసవిలో బనియను మీద చేసిన పనిని నేను జనవరిలో రెండు స్వెట్టర్ల మీద, వేళ్ళు కొంకర్లు పోతుండగా చేశాను, అంతే తేడా. హెడ్డు విప్పి మూడో పిస్టను తీసి చూస్తే ఆయిలు రింగు మసితో గాడిలో అతుక్కుపోయి ఉన్నది. బోరు గోడ మీద నిలువునా ఒక గీత. గోరు పెట్టి అడ్డంగా గీస్తే తగులుతున్నది. గోరు తగిలితే బోరు కొట్టించాల్సిందేనని మీ మాట కాబట్టి, గీత లోతెంతో కొలవకుండానే మనసు రాయి చేసుకున్నాను.

బ్లాకును ఒక లేతు షాపుకు తీసుకువెళ్ళి, 78 మిల్లీమీటర్ల బోరును 78.5కు పెంచి, గోడలను రాయితో రుద్దే హోనింగు చేయించాను. పని బాగానే చేశారు. గోడల మీద గీతలు చాప అల్లినట్టు అడ్డంగా, సమంగా పడ్డాయి. ఆ గీతలలోనే ఆయిలు నిలుస్తుంది, కొత్త రింగులు వాటి మీదే ఒరుసుకుని సర్దుకుంటాయి. బిల్లులో బ్లాకు కడిగినందుకు కూడా డబ్బు వేశారు, ప్లాస్టిక్ సంచీలో చుట్టి అద్దంలా మెరుస్తున్నట్టే ఇచ్చారు. ఇంటికి తెచ్చి, ఎందుకో తెల్లగుడ్డ ఒకటి ఆయిలులో తడిపి బోరు లోపల తుడిచి చూశాను. గుడ్డ బూడిద రంగుకు తిరిగింది.

మామయ్యా, ఆ గుడ్డ చూడగానే నాకు పన్నెండో ఏట మీ షెడ్డులో గడిపిన వేసవి సెలవులు గుర్తుకు వచ్చాయి. బోరు కొట్టించి తెచ్చిన అంబాసిడరు బ్లాకును నా ముందు పెట్టి, ఒక బకెట్టు వేడినీళ్ళు, బట్టల సబ్బు, కొబ్బరి పీచు ఇచ్చి కడగమనేవారు. నేను కిరసనాయిలుతో కడిగితే తొందరగా అవుతుంది కదా అని వాదించేవాణ్ణి. పానాలు పట్టనివ్వకుండా నాచేత పాచిపని చేయిస్తున్నారని లోపల ఉక్రోషం. మీ పాత పంచె ముక్క తుడిచి చూపిస్తే, దాన్ని ఎండకు పట్టి చూసి ఏమీ మాట్లాడకుండా మళ్ళీ బకెట్టు వైపు చూపించేవారు. ఆ ముక్క తెల్లగా వచ్చేదాకా నాకు అన్నం లేదు. కిరసనాయిలు జిడ్డును తీస్తుంది గానీ, హోనింగు రాయి నుంచి రాలిన పొడిని ఆ సన్నటి గీతలలో నుంచి బయటికి తేలేదనీ, సబ్బు నురగే దాన్ని పైకి లేపి తెస్తుందనీ, ఆ పొడి మిగిలితే కొత్త రింగులను ఎమెరీ కాగితంలా నెల రోజులలో అరగదీస్తుందనీ నాకు అర్థమైంది చాలా ఏళ్ళ తరువాత.

అదే పని ఇక్కడ మళ్ళీ చేశాను. పీచు దొరకలేదు, సీసాలు కడిగే పొడుగాటి బ్రష్షు కొన్నాను. పంచె ముక్కకు బదులు మీ అమ్మాయి పాత దిండు గలీబు చింపి ఇచ్చింది. మొదటి మూడు సార్లకు గుడ్డ మీద మరక తగ్గినట్టే అనిపించలేదు. ఆయిలు పోయే సన్నటి దారులలో కూడా బ్రష్షు పెట్టి తోమి, ఏడోసారికి గుడ్డ తెల్లగా వచ్చింది. కడగడం అయిన మరుక్షణమే తుడిచి ఆయిలు పట్టించాలి, ఈ దేశపు చెమ్మలో పచ్చి ఇనుము ఐదు నిమిషాలలో ఎర్రబారుతుంది. ఒక బోరు దగ్గర ఫోను ఎత్తబోయి ఆలస్యం చేశాను, అప్పటికే లేత నారింజ పొర కనబడింది. మళ్ళీ మొదటి నుంచి కడిగాను.

కట్టడంలో మీ పద్ధతికీ ఇక్కడి పద్ధతికీ ఉన్న తేడా ఒకటి చెప్పాలి. మీరు బేరింగు బిగించి క్రాంకును చేత్తో తిప్పి, "వెన్నలా తిరుగుతున్నది" అంటే ఆ లారీ మళ్ళీ షెడ్డుకు రావడం నేను చూడలేదు. నా చేతికి అంత విద్య రాలేదు కాబట్టి, దారం లాంటి మైనపు గేజు ముక్కను క్రాంకు మీద పెట్టి, క్యాపు బిగించి మళ్ళీ విప్పి, అది ఎంత వెడల్పుగా నలిగిందో కాగితపు కొలతతో సరిచూశాను. మీ వెన్నకు వీళ్ళు పెట్టిన అంకె మిల్లీమీటరులో వందో వంతులు రెండు నుంచి నాలుగు దాకా, అంటే వెంట్రుక మందంలో సగం. నిజం చెప్పాలంటే గేజు చూసుకున్నాక కూడా చేత్తో తిప్పి చూసుకున్నాను. అది లేకపోతే పని పూర్తయినట్టు అనిపించలేదు. రింగులను ఒక్కొక్కటే బోరులో పెట్టి సందు కొలిచాను, ఒక రింగుకు సందు చాలక ఆకురాయితో రాశాను. హెడ్డు బోల్టులను మధ్య నుంచి బయటికి, మూడు విడతలుగా, టార్కు పానాతో బిగించాను.

ఇప్పుడు నా పొరపాటు. మొదట ప్లగ్గులు లేకుండా స్టార్టరు తిప్పి, ఆయిలు ప్రెషరు ముల్లు లేచాక ప్లగ్గులు వేసి స్టార్టు చేశాను. రెండో తిప్పుకే అందుకున్నది. హైడ్రాలిక్ ట్యాపెట్లు ఆయిలు నిండేదాకా టిక్కుటిక్కుమన్నాయి, అది మామూలే. కానీ ఇంజను ఐడిలింగులో వణుకుతున్నది. నేను గాలి పైపులు, ప్లగ్గు వైర్లు వెతుకుతుంటే మీ అమ్మాయి వంటింట్లో నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "టైమింగు ఒక పన్ను తప్పింది" అన్నది. చేతిలో గరిటె కూడా ఉన్నది. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు మిగతావన్నీ వెతికి, చివరికి ముందు కవరు విప్పి, రెండు క్యాం షాఫ్టుల చక్రాల మీది ఇన్‌టేకు గుర్తుకూ ఎగ్జాస్టు గుర్తుకూ మధ్య, వాటిని తిప్పే టైమింగు బెల్టు పళ్ళు లెక్కపెట్టాను. 19 ఉండాల్సిన చోట 20 ఉన్నాయి. ఈ ఇంజనులో టైమింగు తప్పినా వాల్వులు పిస్టన్లకు తగలవు కాబట్టి బతికిపోయాను. అది మీ షెడ్డు వెనక గదిలో పుట్టి పెరిగిన చెవి అని ముందే ఒప్పుకుని ఉంటే రెండు రోజులు మిగిలేవి. ఆమె ఈ సంగతిని ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతున్నది, మీకు నేనే ముందు రాస్తున్నాను.

యాభై మైళ్ళకు ఒకసారి, అయిదు వందలకు ఇంకొకసారి ఆయిలు మార్చి, వెయ్యి మైళ్ళు దాటాక కారును స్నెటర్టన్ ట్రాకుకు తీసుకువెళ్ళాను. మీరు వయసులో ఉండగా గూడూరు, నాయుడుపేట, తడ దాటి బస్సులో మద్రాసు దగ్గరి షోలవరం కారు పందేలు చూడటానికి వెళ్ళిన కథలూ, అక్కడి గాలిలో ఆముదం కాలిన వాసనా మాకు చాలాసార్లు చెప్పారు. షోలవరం యుద్ధకాలపు విమానాల దారి కదా, ఇదీ అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడి నుంచి అమెరికా బాంబరు విమానాలు ఎగిరేవి. చెట్టూ గుట్టా అడ్డం లేని బల్లపరుపు నేల, మన కోస్తా గాలి లాంటి గాలి. మనకు షోలవరం పోయి 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాకు వచ్చింది. వీళ్ళు మాత్రం పాతదానినే పెంచుకుంటూ వచ్చి, 2011లో దాదాపు మూడు మైళ్ళ పొడవుకు తెచ్చారు.

ఇది పందెం కాదనీ, ఎవరి కారు వాళ్ళు ట్రాకు మీద నడుపుకునే రోజు మాత్రమేననీ అత్తయ్యకు ముందుగా చెప్పండి. గడియారం పెట్టి కొలవడం కూడా నిషేధమే. పొద్దున్నే సంతకాలు తీసుకుని, సైలెన్సరు చప్పుడు కొలిచి, జెండాల అర్థాలు చెప్పి, మొదటి రెండు మూడు చుట్లు మెల్లగా తిప్పుతారు. రోడ్డు మీద కుడివైపు నుంచి దాటే అలవాటున్న మనం ఇక్కడ ఎడమవైపు నుంచి మాత్రమే దాటాలి, అదీ ముందువాడు దారి ఇచ్చాకే. నేను దాటింది తక్కువ, దారి ఇచ్చింది ఎక్కువ. పొడుగాటి బెంట్లీ స్ట్రెయిట్ మీద నా కారు వంద మైళ్ళు దాటుతుండగా పెద్ద ఇంజన్ల కార్లు ఈగను దాటినట్టు దాటిపోయాయి. అయితే మలుపులలో వాటిని మళ్ళీ అందుకునేవాణ్ణి, ఈ బండి బరువు వెయ్యి కిలోలు కూడా ఉండదు.

నాకు అసలు భయం కోరమ్ అనే కుడి మలుపు దగ్గర. అది అయిపోయిందనుకుంటే ఇంకా తిరుగుతూనే ఉంటుంది. అంతసేపూ ఇంజను అడుగున సంపు తొట్టిలో ఆయిలంతా ఎడమ గోడకు ఎగబాకుతుంది. పంపు గొట్టానికి ఆయిలు అందకపోతే నేను వెన్నలా తిప్పుకున్న బేరింగులు ఆ మలుపులోనే అయిపోతాయి. అందుకని ఆయిలును పై గీతకు సమంగా పోసి, ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ప్రెషరు ముల్లు మీద పెట్టాను. ఈ పాత మోడలులో ఆ ముల్లు నిజంగా ప్రెషరు చూపిస్తుంది, తరువాతి కార్లలో అది అలంకారమే. ముల్లు కదలలేదు. నాలుగో చుట్టుకు దాన్ని చూడటం మానేశాను, అప్పటి నుంచే నాకు ఆనందం తెలిసింది. బ్రేకు తిన్నగా ఉండగానే వేసి వదిలేయడం, బండి ముక్కు లోపలికి వంగడం, ఆ మీదట యాక్సిలరేటరు మెల్లగా తొక్కుతుంటే వెనక చక్రాలు నేలను పట్టి నెట్టడం, ఇవన్నీ నేను కట్టిన ఇంజను నుంచి నా కాలికి చేరుతున్నాయి. మధ్యాహ్నం ఆ ఆనందంలోనే కోరమ్ చివరి ఎడమ మలుపులో తొందరపడి గిర్రున తిరిగి గడ్డిలో ఆగాను. కారుకూ నాకూ దెబ్బ లేదు. నల్ల జెండా చూపి లోపలికి పిలిచి, చక్రాలు చూసి, కాస్త టీ తాగి రమ్మన్నారు. ఈ మూడు వాక్యాలు మా అమ్మకు చదివి వినిపించవద్దు.

సాయంత్రానికి ఆయిలు పావు లీటరు కన్నా తక్కువే తగ్గింది, పొగ లేదు. ఇంటికి వచ్చి ప్లగ్గులు తీస్తే మూడు లేత బిస్కెట్టు రంగులో ఉన్నాయి, మూడో సిలిండరుది మాత్రం ఒక పక్క కొంచెం ముదురుగా కనబడుతున్నది. కంప్రెషను సరిగ్గానే ఉన్నది కాబట్టి ఇంజెక్టరు అనుకుంటున్నాను, కానీ అది ఆయిలు మరకో, పెట్రోలు మసో తేల్చుకోలేకపోతున్నాను. ఫోటోలో ఆ రంగు సరిగా రాలేదు. వచ్చే వారం నెల్లూరు వస్తున్న స్నేహితుడి చేతికి ఆ ప్లగ్గును అగ్గిపెట్టెలో దూది మధ్య పెట్టి ఇస్తున్నాను. మొన తుడవకుండా అలాగే ఉంచాను. ఎండలోకి పట్టుకుని చూసి, ఏమిటో వెంటనే రాయించండి. అంతదాకా కారు బయటికి తీయను.

ఇట్లు,
మీ మేనల్లుడు