ఒక రింగు మీద రెండు రకాల బ్రష్‌లు ఇక వేయము

మే నెలలో ఒక రాతి క్రషర్ స్లిప్ రింగ్ మోటారుకు మేము చేసిన మరమ్మతు మూడు వారాలకే చెడిపోయింది. ఇలాంటి మోటారులో తిరిగే భాగమైన రోటారు మీద మూడు లోహపు రింగులు ఉంటాయి, వాటిని ఒరుసుకుంటూ కరెంటును దాటించే చిన్న గ్రాఫైటు దిమ్మలే బ్రష్‌లు. తప్పు మాదే. రింగులు మా ఖర్చుతో లేత్ మీద సరిచేసి, బ్రష్‌లన్నీ కొత్తవి వేసి ఆ యజమానికి అప్పగించాము. క్రషర్ ఆగిన రోజుల నష్టం మాత్రం పూడ్చలేకపోయాము. అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. వరంగల్ నుంచి, కరీంనగర్ వైపు నుంచి మాకు మోటార్లు పంపే మీ అందరికీ జరిగింది జరిగినట్టు చెప్పాలి.

ఆ మోటారులో రింగుకు రెండు చొప్పున ఆరు బ్రష్‌లు. మూడు బాగా అరిగాయి. అదే గ్రేడు, అంటే అదే పదార్థంతో చేసిన బ్రష్‌లు, రావడానికి పది రోజులు పడుతుందన్నారు. అక్కడ పని ఆగిపోయి రోజుకు రెండుసార్లు ఫోను వస్తోంది. కొలతలు సరిపోయిన వేరే గ్రేడు బ్రష్‌లు మూడు వేసి పంపించాను. కొలత కలిస్తే చాలదని నాకు తెలుసు, అయినా తొందరపడ్డాను. ఒకే రింగు మీద ఒకటి రాగి కలిసిన గ్రాఫైటు, ఇంకొకటి రాగి లేనిది అయితే అవి కరెంటును సమంగా పంచుకోవు. తేలికగా దారి ఇచ్చే బ్రష్ మీదనే భారం పడుతుంది. ఆ బ్రష్ వేడెక్కింది, దాని కరెంటును మోసే అల్లిక తీగ నల్లబడింది, నిప్పురవ్వలు లేచి రింగు మీద గాడులు పడ్డాయి.

రాళ్లు నిండిన క్రషర్‌ను కదిలించే బలం రావాలంటే మొదట్లో రోటారుకు రెసిస్టెన్సు (కరెంటును అడ్డుకునే నిరోధం) కలపాలి. తిరిగే రోటారుకూ బయట కదలకుండా ఉన్న ఆ రెసిస్టెన్సు పెట్టెకూ మధ్య దారి ఈ మూడు రింగులు, వాటిని ఒరుసుకుని ఉండే బ్రష్‌లే. బాగా నడిచిన రింగు తళతళలాడదు. రాగి ఆక్సైడు, గ్రాఫైటు, గాలిలోని తేమ కలిసి దాని మీద పలుచని గోధుమరంగు పొర కడతాయి. అరుగుదలను తగ్గించేది ఆ పొరే. దయచేసి దానిని మురికి అనుకుని ఎమరీ కాగితంతో తోమించవద్దు. ఎమరీ రేణువులు బ్రష్‌లో గుచ్చుకుని రింగును కోస్తూనే ఉంటాయి. తుడవవలసింది రింగుల మధ్య పేరుకునే నల్లటి కార్బన్ పొడిని. అది కరెంటును మోస్తుంది కనుక ఒక రింగు నుంచి ఇంకో రింగుకు మంట దూకే ప్రమాదం ఉంది.

ఇకపై బ్రష్‌లు మారిస్తే మోటారుకు మొత్తం సెట్టు ఒకే గ్రేడుతో మారుస్తాము. ఆ గ్రేడు లేకపోతే లేదనే చెబుతాము, ఎంత ఒత్తిడి ఉన్నా. తిరిగేటప్పుడు రింగు ఎంత వంకర పోతోందో డయల్ గేజ్‌తో కొలిచి, 0.05 మిల్లీమీటరు దాటితే లేత్ మీదికి ఎక్కిస్తాము. బ్రష్‌ను రింగుకు అదిమే స్ప్రింగు ఒత్తిడిని, బ్రష్‌ను పట్టి ఉంచే ఒక్కొక్క హోల్డరు దగ్గర తూచి, చదరపు సెంటీమీటరుకు 180 నుంచి 250 గ్రాముల మధ్య ఉంచుతాము. బలహీనమైన స్ప్రింగు బ్రష్‌ను కాపాడుతుందని చాలామంది అనుకుంటారు, కానీ బ్రష్ ఎగిరి రవ్వలు వచ్చేది అక్కడే. వీటన్నిటికీ ఒక రోజు ఎక్కువ పడుతుంది, సెట్టు ఖర్చు కూడా పెరుగుతుంది.

నవంబరులో రైస్ మిల్లుల పని ముమ్మరమవుతుంది. స్లిప్ రింగ్ మోటారు ఉన్నవారు అక్టోబరులోనే ఒక పాత బ్రష్‌ను, నేమ్‌ప్లేటు ఫోటోను పంపించండి. బ్రష్ పక్కన ముద్రించిన అక్షరాలు చెరిగిపోకుండా చూడండి, గ్రేడు తెలిసేది వాటితోనే.