మంచులో తప్పిపోయినవాళ్ల వార్త రాసేటప్పుడు దయచేసి ఇది కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మంచు కొండల్లోకి వెళ్లిన ప్రయాణికుడు ఎవరైనా కనపడకుండా పోయారంటే పేపర్లలో వార్త దాదాపు ఒకేలా వస్తోంది. మొదటిరోజు అదృశ్యం అంటారు, నాలుగు రోజులకి ఆచూకీ లేదంటారు, చివరికి శవం దొరికితే ఒంటిమీద జాకెట్ లేదు, బూట్లు ఎక్కడో పడున్నాయి, అనుమానాస్పద మృతి అని రాసేస్తారు. ఆ లైన్ చదివే ఇంట్లోవాళ్ల పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి సార్, ఎవరో ఏదో చేసుంటారనే అనుమానంతోనే వాళ్లు జీవితాంతం బతకాలి.

చాలాసార్లు అది చలి చేసే పనే. ఒంటి లోపలి టెంపరేచర్ మామూలుగా 37 డిగ్రీలు ఉంటుంది కదా, అది 35 కంటే కిందకి దిగితే హైపోథెర్మియా అంటారు. ముందు బాగా వణుకుతాం, ఇంకా దిగాక ఆ వణుకు కూడా ఆగిపోతుంది, పక్కనున్నవాళ్లు హమ్మయ్య తేరుకున్నాడు అనుకుంటారు కానీ అసలు ప్రమాదం అక్కడే మొదలు. అప్పటిదాకా చర్మం దగ్గరి రక్తనాళాలు బిగుసుకుపోయి వేడిని గుండె దగ్గరే దాచిపెడతాయి, చివర్లో ఆ బిగువు సడలిపోయి వెచ్చటి రక్తం ఒక్కసారిగా చర్మంలోకి వచ్చేస్తుంది, దాంతో ఒళ్లు కాలిపోతున్నట్టు అనిపించి మనిషి తన చేత్తోనే బట్టలు విప్పేసుకుంటాడని డాక్టర్లు చెప్తారు. కొంతమందైతే పాక్కుంటూ వెళ్లి ఏ పొదలోకో బండ కిందకో దూరిపోతారు, వెతికేవాళ్లు పక్కనుంచే వెళ్లినా కనపడరు.

1959 ఫిబ్రవరిలో రష్యాలో ఉరల్ కొండల్లో డ్యాట్లోవ్ పాస్ దగ్గర 9 మంది చనిపోయారు. టెంట్ లోపలినుంచి కోసి ఉంది, కొందరి ఒంటిమీద సరైన బట్టల్లేవు. ఇక చూడండి, రహస్య ఆయుధాలన్నారు, గ్రహాంతరవాసులన్నారు, ఎన్ని దశాబ్దాలు ఎన్ని కథలు అల్లారో. 2020లో రష్యా ప్రాసిక్యూటర్లు కారణం కొండమీది మంచు చరియ జారిపడటం అని తేల్చారు, 2021లో ఇద్దరు శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి ఆ వాలులో చిన్న మంచు పలక జారి మీదపడటం సాధ్యమేనని చూపించారు. ఈ వివరణ వచ్చాక కూడా చాలామందికి ఆ పాత కథలే కావాలి, అది నాకు బాధగా ఉంటుంది.

నేను కూడా ఒకసారి మంచులో నడిచినవాణ్నే. తడిసిన గ్లోవ్స్‌తో చాలాసేపు నడిచాక జాకెట్ జిప్ పెట్టుకోవడం చేతకాలేదు, తోటివాడు పెడతానంటే వాడిమీద కసురుకున్నా, నాకేం కాలేదని గట్టిగా వాదించా. వాడు బలవంతంగా ఆపి పొడి బట్టలు వేసి తీపి టీ తాగించాడు కాబట్టి ఇది రాయగలుగుతున్నా. చలి ముందు మన బుద్ధినే పట్టుకుంటుంది సార్, పైగా పట్టుకుందని మనకి తెలియనివ్వదు. అందుకే చేయాల్సినవన్నీ బయల్దేరకముందే చేసేయాలి, ఏ దారిన వెళ్తున్నాం, ఎప్పటికి తిరిగొస్తాం, ఆ టైం దాటితే ఎవరికి ఫోన్ చేయాలి అనేది ఇంట్లో ఒకరి దగ్గర రాసి పెట్టాలి.

1981లో అలాస్కాలో ఒక ఫోటోగ్రాఫర్‌ని చిన్న విమానంలో మనుషుల్లేని చోట దింపారు. 500 రోల్స్ ఫిల్మ్ తీసుకెళ్లాడు గానీ తిరిగి ఎవరొచ్చి తీసుకెళ్తారో ఖాయం చేసుకోలేదు. కొన్నాళ్లకి పైనుంచి ఒక విమానం వెళ్తుంటే సంతోషంతో ఒక చెయ్యి పైకెత్తి ఊపాడు. ఒక చెయ్యి ఎత్తితే నేను బాగానే ఉన్నాను అని అర్థం, సాయం కావాలంటే రెండు చేతులూ ఎత్తాలి. విమానం వెళ్లిపోయింది. ఆ గుర్తులు తన వేట లైసెన్స్ వెనకే అచ్చయి ఉన్నాయని ఆయన తర్వాత చూసుకున్నాడు. 1982 ఫిబ్రవరిలో టెంట్‌లో శవం దొరికింది.

2006లో అమెరికాలోని ఆరెగాన్‌లో మంచులో కారు ఇరుక్కుపోయిన కుటుంబం విషయం కూడా ఇలాంటిదే, వారం చూసి తండ్రి సాయం కోసం నడుచుకుంటూ వెళ్లాడు, కారులోనే ఉన్న తల్లీ ఇద్దరు పిల్లలూ ప్రాణాలతో దొరికారు, ఆయన దొరకలేదు, రెండు రోజుల తర్వాత శవమై కనిపించాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, ఆకలితో ఉన్న పిల్లల్ని చూస్తూ ఏ తండ్రి కూర్చోగలడు. కానీ వెతికేవాళ్లకి పైనుంచి మనిషికంటే కారు తొందరగా కనపడుతుందనే మాట ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సింది.

ఈసారి ఇలాంటి వార్త వేసేటప్పుడు అనుమానాస్పదం అనే మాట పోస్టుమార్టం వచ్చేదాకా ఆపండి. దాని పక్కనే చిన్న బాక్స్ కట్టి చలి దెబ్బకి ముందు కనపడే గుర్తులు వేయండి: మాట ముద్దగా రావడం, కాళ్లు తడబడటం, చేతుల్లో పట్టు తప్పడం, ఊరికే విసుక్కోవడం. చోటు లేకపోతే నా ఉత్తరం అంతా కట్ చేసేసినా పర్లేదు, ఆ నాలుగూ మాత్రం వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు