సీనియర్ ఆపరేటర్ తర్వాత ఏముంది సార్?

ఎడిటర్ గారికి నమస్కారం.

‘పనొచ్చిన కుర్రాళ్ళు దొరకడం లేదు’ అని పరిశ్రమల పెద్దలు వాపోవడం మీ పేపర్లో తరచూ చదువుతుంటాను. మొన్న నైట్ షిఫ్ట్ దిగి టీ బండి దగ్గర మళ్ళీ అదే మాట చదివాను. దొరక్కపోవడం కాదండీ, నిలవడం లేదు. లోపలున్నవాణ్ణి కాబట్టి ఎందుకో రాస్తున్నాను.

నేను ఐటీఐ టర్నర్‌ని. 2009లో జీడిమెట్లలో ఆటో విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ట్రైనీగా చేరాను. సీఎన్‌సీ లేత్, అంటే కంప్యూటర్‌తో నడిచే లోహం చెక్కే మిషన్ మీద పని. మేం చేసే ఒక జాబ్‌కి 42 మిల్లీమీటర్ల బోర్, అంటే లోపలి గుండ్రటి రంధ్రం ఉంటుంది. 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) దాటి తేడా వస్తే రిజెక్షన్. భోజనాలయ్యాక మిషన్ మళ్ళీ స్టార్ట్ చేస్తే మొదటి రెండు మూడు పీసులు సైజు తప్పుతాయి. అప్పుడు కొలతలో ఎంత సర్దుబాటు (ఆఫ్‌సెట్) ఇవ్వాలో ఏ మాన్యువల్లోనూ ఉండదు. లోహాన్ని కోసే పలుకు (ఇన్సర్ట్) అరిగిందంటే నాకు చప్పుడులోనే తెలుస్తుంది. ఆ చెవి రావడానికి ఆరేడేళ్ళు పట్టింది.

2016లో సీనియర్ ఆపరేటర్ అన్నారు. ఇప్పటికీ అదే. డిప్లొమా చేసి వచ్చిన పిల్లలకు సెట్టింగ్ నేర్పేది నేను. రెండేళ్ళు తిరిగేసరికి వాళ్ళే నాకు సూపర్‌వైజర్లు. వాళ్ళ మీద కోపమేం లేదు, మంచి పిల్లలే. ఇంకో ఏడాదికి వాళ్ళూ వేరే కంపెనీ చూసుకుంటారు, నేను కొత్త బ్యాచ్‌కి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడతాను. మా మావయ్య హెచ్‌ఎంటీలో అప్రెంటిస్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఆయన నాకంటే ఎక్కువేం చదవలేదు. పోనీ నేనే ఇంకో కోర్సు చేద్దామని బాలానగర్‌లో టూల్ డిజైన్ నేర్పే కేంద్ర సంస్థ సీఐటీడీకి వెళ్ళి కనుక్కున్నాను. బండి మీద పావుగంట దూరం. కానీ వారానికో షిఫ్ట్ మారేవాడు ఏ క్లాసుకని వెళ్తాడు? ఆరు నెలలు ఒకే షిఫ్ట్ ఇవ్వమంటే ‘నీకిస్తే అందరూ అడుగుతారు’ అన్నారు. అడిగితే మంచిదేగా!

ఇక జీతం. 2023 ఏప్రిల్‌లో 1,100 పెరిగి 20,300 కాస్తా 21,400 అయింది. ఇంట్లో స్వీట్లు కూడా పంచాం. ఈఎస్‌ఐకి (కార్మికుల ప్రభుత్వ ఆరోగ్య బీమాకి) నెల జీతం హద్దు 21,000 అని అప్పుడు గుర్తు రాలేదు. 2017లో పెట్టిన హద్దు అది, ఆరేళ్ళయినా కదల్లేదు. దాటాను కాబట్టి ఆ ఏడాదే కార్డు పోయింది. అమ్మ షుగర్, బీపీ మందులు డిస్పెన్సరీలో ఊరికే వచ్చేవి, ఇప్పుడు నెలకు 1,800 పెట్టి కొంటున్నాను. కంపెనీ ఇచ్చిన ఇన్సూరెన్స్‌లో నా భార్యా పిల్లలున్నారు, అమ్మ లేదు. ఈఎస్‌ఐకి కట్టే నూట యాభై మిగిలిందనుకున్నా, ఇంక్రిమెంట్ వల్ల నష్టపోయినట్టే. బోనస్ సంగతి చెబితే నవ్వుతారు. ఏడు వేల మీద 8.33 శాతం లెక్కన ఏటా 6,997 రూపాయలు వేస్తారు. ఇన్నేళ్ళలో ఇంకో మూడు రూపాయలు కలిపి ఏడు వేలు చేద్దామని ఎవరికీ అనిపించలేదు.

రెండేళ్ళ కిందట మిషన్లో పీసుని పట్టుకునే దవడల్లో (చక్ జాస్‌లో) చిన్న మార్పు చెప్పాను. పీసు బిగించడం తేలికై, నాలుగు నిమిషాల పని మూడు నిమిషాల ఇరవై సెకన్లకు దిగింది. కైజెన్ (పనిని మెరుగుపరిచే సూచన) అవార్డని పిలిచి స్టీలు వాటర్ బాటిల్ ఇచ్చారు, ఫొటో తీశారు. సర్టిఫికెట్ మీద మా ఇంజనీర్ పేరు ముందు, నా పేరు తర్వాత. మర్నాడు షిఫ్ట్ టార్గెట్ 100 నుంచి 120 చేశారు. పక్క మిషన్ వాళ్ళు నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఐదేళ్ళలో ముగ్గురు ప్లాంట్ హెడ్లు మారారు. వచ్చినవాళ్ళంతా గోడల మీద కొత్త బోర్డులు పెట్టిస్తారు, ‘మీరే మా ఆస్తి’ అంటారు. ఇప్పటి సారు మీటింగ్‌లో చెయ్యెత్తి ‘సీనియర్ ఆపరేటర్ తర్వాత ఏముంది సార్?’ అని అడిగాను. ‘మంచి ప్రశ్న, ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం’ అన్నారు. ఆ ఆఫ్‌లైన్ ఎక్కడుందో నాకింతవరకు తెలీదు.

కాంట్రాక్టు కుర్రాళ్ళది ఇంకా అన్యాయం. అదే మిషన్, అదే టార్గెట్, మాకంటే ఏడెనిమిది వేలు తక్కువ. నేను తయారుచేసిన ఒకతను పోయినేడాది మానేసి ఫుడ్ డెలివరీకి వెళ్ళిపోయాడు. ఆపబోతే ‘బండి మీదైతే సూపర్‌వైజర్ ఉండడన్నా’ అన్నాడు. బోర్ సైజు వాడి చేతిలో చక్కగా కుదిరేది.

మీ విలేఖరులకు ఒక్క మనవి. మనుషులు దొరకడం లేదని ఏ యజమానైనా చెప్పినప్పుడు, ‘మీ దగ్గర ఆపరేటర్‌గా చేరి సూపర్‌వైజర్ అయినవాళ్ళు ఎంతమంది?’ అని అడిగి, ఆ అంకె కూడా వేయండి. నా పేరు మాత్రం వేయకండి, ఈ వారం నాకు నైట్ షిఫ్టే.

– ఒక సీఎన్‌సీ ఆపరేటర్, జీడిమెట్ల, హైదరాబాద్